కిటికీ చెక్కకు కాసులపేరు

కోనసీమలో మండువా ఇళ్ళు ఒక్కొక్కటే నేలకు దిగుతున్నాయి. వారసులు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటారు. పెంకు తిరగేసే మనిషి దొరకడు. రెండు వానాకాలాలు నీళ్ళు కారితే మూడోదానికి ఇల్లు విప్పే కాంట్రాక్టరు గుమ్మంలో నిలబడతాడు. పెంకులు ఓ పక్క, దూలాలూ వాసాలూ ఓ పక్క, తలుపులూ కిటికీలూ ఇంకో పక్క పేర్చి బేరం మొదలుపెడతాడు. అలాంటి ఓ ఇంటి నుంచి వచ్చిన టేకు కిటికీ చట్రం మీద ఒక మావయ్యకీ మేనకోడలికీ నడిచిన వాదన ఇది. మావయ్య అరవై దాటిన వడ్రంగి, తండ్రి చేతి నుంచి ఉలి అందుకున్నవాడు. మేనకోడలు హైదరాబాదులో డిజైన్ చదువుకుని, పాత కలపతో చిన్న చిన్న ఇంటి సామాన్లు చేసి అమ్ముతోంది. ఆ చట్రంతో నగలు తగిలించుకునే స్టాండు చేస్తానంది. కుదరదన్నాడాయన. పక్కన కూర్చుని విన్న నేను, ఉండబట్టలేని చోట మాత్రం కుండలీకరణాల్లో వేలు పెట్టాను.

మావయ్య: ముందా రంపం కింద పెట్టవే. పొయ్యిలోకి చీల్చే పుల్లనుకున్నావా ఏంటి? బర్మా టేకు. నాలుగడుగుల పొడుగు, మూడంగుళాల మందం, ఎక్కడా ముడి లేదు. దాన్ని ముక్కలు చేసి గొలుసులు తగిలించుకుంటావా?

మేనకోడలు: బర్మా టేకని నీకెవరు చెప్పారు మావయ్యా?

మావయ్య: ఇంటివాళ్ళే చెప్పారు. వాళ్ళ ముత్తాత రంగంలో వ్యాపారం చేసి వస్తూ ఓడలో వేసుకొచ్చాట్ట. కాకినాడలో దింపి, అక్కణ్ణించి పడవ మీద ఊళ్ళోకి తెచ్చాట్ట.

(కోనసీమలో ఏ పాత ఇంటివాళ్ళనడిగినా తమది బర్మా టేకనే అంటారు. కాకినాడకీ రంగూనుకీ మధ్య మనుషులూ సరుకూ ధారాళంగా తిరిగిన కాలం ఒకటుంది కాబట్టి చాలామంది మాట నిజమే కావచ్చు. గోదావరి మన్యంలో నరికిన కలపను తెప్పలు కట్టి నదిలో వదిలిన కాలం కూడా అదే. మా తాత మన్యం టేకుతో ఇల్లు కట్టాడని చెప్పుకున్న మనవణ్ణి మాత్రం నేనింతవరకూ చూడలేదు.)

మేనకోడలు: మన్యందైనా నాకేం అభ్యంతరం లేదు.

మావయ్య: నాకూ లేదు. చేవ ఎక్కడిదైనా చేవే. ఇదిగో, ఈ అంచున తెల్లగా ఉంది చూశావా, ఇది బెరడు పక్కది. పురుగు తొలిచి పిండి రాల్చింది ఇక్కడే. ఇటు ముదురు రంగులో ఉన్నదంతా చేవ. ఎన్ని వానలు తిన్నదో ఈ కిటికీ, చేవలో ఒక్క కన్నం లేదు. చెదపురుగు కూడా దాని నూనె వాసన చూసి పక్కకి పోయింది. బర్మావాళ్ళు 2014లో దుంగల ఎగుమతి ఆపేశారని సామిల్లులో చెప్పుకుంటుంటే విన్నా. ఇప్పుడు డిపోలో దొరికేదంతా తోటల్లో తొందరగా పెంచింది, సగానికి సగం తెలుపే. అందుకే చెప్తున్నా. పొడుగు కర్రని ఎప్పుడైనా పొట్టి చెయ్యొచ్చు. పొట్టి చేశాక విశ్వకర్మ దిగొచ్చినా పొడుగు చెయ్యలేడు.

మేనకోడలు: సరే, పొడుగ్గానే ఉంచుదాం. ఏం చేస్తావు దాంతో?

మావయ్య: నిలువునా కోసి పలకలు తీస్తా. పూజగది తలుపులకి. ఫ్లాటు కొన్న ప్రతివాడికీ సింహద్వారం, పూజగది తలుపు మాత్రం టేకువే కావాలి. మిగతా గదులకి ఫ్లష్ డోరైనా మాట్లాడరు.

మేనకోడలు: కిటికీని కిటికీగానే పెట్టుకోవచ్చుగా?

మావయ్య: ఎవడు పెట్టుకుంటాడే? ఇప్పుడన్నీ యూపీవీసీలు. జరిపే అద్దం, దోమతెర. ఊచల కిటికీ చూపిస్తే జైల్లా ఉందంటున్నారు.

మేనకోడలు: పూజగదికైనా పాత కర్ర ఒప్పుకుంటారా? ఇంకొకళ్ళ కాపురం చూసిన కర్ర కొత్తింటికి పనికిరాదని వాస్తు చెప్పేవాళ్ళు అంటారు కదా. పోయినేడు ఎవరో తెచ్చిన పాత పలకల్ని నువ్వే వెనక్కి పంపావట.

మావయ్య: నేను పంపలేదు. వాళ్ళావిడ పంపించింది.

మేనకోడలు: ఎవరు పంపితేనేం, ఎక్కడికెళ్ళాయవి?

మావయ్య: ఎక్కడికెళ్తాయి, ఇటుక బట్టీకి.

మేనకోడలు: మరి నేను తీసుకుంటే తప్పేంటి?

మావయ్య: ఉండు, జనం సంగతి చెప్తా విను. పక్కూరి తలుపు దోషమన్న మనుషులే కారు కట్టించుకుని తమిళనాడులో కారైక్కుడి దాకా పోతారు. అక్కడ మునీశ్వరన్ కోవిల వీధని ఉంది, చెట్టియార్ల బంగళాలు విప్పిన తలుపులూ స్తంభాలూ కొట్లనిండా పెట్టి అమ్ముతారు. అవి లారీలో వేయించుకొచ్చి హాల్లో నిలబెడతారు. దోషమంతా పక్కూరి కర్రకేనా? మూడొందల కోసులు ప్రయాణం చేస్తే పోతుంది కాబోలు.

మేనకోడలు: నువ్వు నా తరఫున వాదిస్తున్నావు మావయ్యా.

మావయ్య: లేదు. వాళ్ళ తెలివి చెప్పానంతే. నీ సంగతికొస్తా. అసలు నగలు బయట తగిలించుకోవడమేంటే? మన ఇళ్ళల్లో నగ కోసమని చేసిన ప్రతి వస్తువూ దాచడానికి చేసిందే. భోషాణం చూడు, ఇద్దరు మగాళ్ళు పట్టినా కదలదు, లోపల మళ్ళీ ఓ దొంగ అర. దిద్దులకి భరిణె. అదీ లేనివాళ్ళకి బియ్యం డబ్బా అడుగు. ఇప్పుడు బ్యాంకు లాకరు. మా అమ్మ కాసులపేరు నేను చూసింది నా పెళ్ళిలో ఓసారి, మీ అమ్మ పెళ్ళిలో ఓసారి. గోడకి తగిలించి ఉంటే రోజూ చూసేవాణ్ణి. కాకపోతే నాతోపాటు దొంగ కూడా చూసేవాడు.

మేనకోడలు: అమ్మమ్మ కాసులపేరు లాకర్లోనే ఉండనీ. నేను చేసేది దానికి కాదు.

మావయ్య: అంటే చిలకలపూడి బంగారానికి బర్మా టేకు!

(బందరు దగ్గరి చిలకలపూడి రోల్డుగోల్డు నగలకి పెట్టింది పేరు. ఈ దెబ్బకి మేనకోడలు తడబడుతుందనుకున్నాను. నా అంచనా తప్పింది.)

మేనకోడలు: అవును, దానికే. బంగారం పెళ్ళిళ్ళకి బయటికొచ్చి మళ్ళీ లోపలికెళ్ళిపోతుంది. దానికి చిక్కూ లేదు, చీదరా లేదు. నేను రోజూ ఆఫీసులకి తిరిగేటప్పుడు వేసుకునేవి వన్ గ్రామ్ గోల్డు గొలుసు, నల్లపూసలు, వెండి జుంకాలు, ఓ టెర్రకోట దండ. ఇవన్నీ ఒకే డబ్బాలో పడేస్తే పొద్దున్నే ఒకటి లాగితే నాలుగొస్తాయి. జుంకా కొక్కెం వెళ్ళి నల్లపూసల దారాన్ని పట్టుకుంటుంది. తొందరలో గుంజామా, పూసలు మంచం కింద. అమ్మమ్మకి నాలుగు నగలు, ఒక పెట్టె సరిపోయింది. నా దగ్గర నలభై ఉన్నాయి. అన్నీ కలిపి తూచినా అమ్మమ్మ కాసుల్లో ఒక్కదాని ఖరీదు చెయ్యవు. కానీ వాడుకునేది వాటినే.

మావయ్య: నలభై ఎందుకే ఒక్క మెడకి?

మేనకోడలు: నీకు ఉలులెన్ని మావయ్యా?

(ఆయన జవాబు చెప్పలేదు. షెడ్డు గోడకి అడ్డంగా కొట్టిన బద్ద మీద సన్న ఉలి నుంచి వెడల్పు ఉలి దాకా వరసగా వేలాడుతున్నాయి. వాటి పక్కన ఆకురాళ్ళు, మూలమట్టం, రెండు రంపాలు. చూడకుండా చెయ్యి చాపితే కావలసింది దొరికేలా. పనిముట్లు పెట్టెలో పెట్టి తాళం వేసుకునే వడ్రంగిని ఎవరైనా చూశారా?)

మావయ్య: సరే, నీ మెడ నీ ఇష్టం. అదే ఇంటి గడప కూడా అడిగావట కదా?

మేనకోడలు: అడిగాను. పసుపు కర్రలోకి ఇంకిపోయి ఎంత బాగుందో.

మావయ్య: శుక్రవారం శుక్రవారం పసుపు రాసి బొట్టు పెట్టిన కర్ర అది. ముహూర్తం చూసి నిలబెట్టిన ద్వారబంధం. దాని మీద రంపం పెట్టను, నిన్ను పెట్టనివ్వను.

మేనకోడలు: బట్టీలో పెడితే ఫరవాలేదా?

మావయ్య: అదీ తప్పే. రెండు తప్పుల్లో ఒకటి నా చేత్తో చెయ్యమంటున్నావు.

(గడప మాట ఇక్కడితో ఆగింది. చివరికి ఇంటివాళ్ళే దాన్ని పట్టుకుపోయారు. అది వాళ్ళ హక్కు.)

మావయ్య: ఇంకో సంగతి. నీ దగ్గర కొనేవాళ్ళకి అడవుల్ని కాపాడుతున్నానని కాయితం కూడా ఇస్తున్నావట.

మేనకోడలు: ఇచ్చేదాన్ని. ఎండిన కర్ర బరువులో సుమారు సగం కర్బనమే, కాలిస్తే గాల్లో కలుస్తుంది, వస్తువుగా ఉంటే ఇంట్లోనే ఉంటుంది అని రాసేదాన్ని. అందులో తప్పు లేదు.

మావయ్య: తప్పు లేదే, గొప్పా లేదు. ఏడాది పొడుగునా నువ్వు వాడే కర్రంతా కలిపితే ఒక ట్రాక్టరు ట్రక్కు నిండదు. అడవి దాంతో బతకదు.

మేనకోడలు: అందుకే ఆ కాయితం మానేశాను.

(మంచి పని చేసింది. చేతిపని అమ్మేవాళ్ళు భూగోళాన్ని భుజాన వేసుకుని మాట్లాడుతుంటే వస్తువు బాగుందా లేదా అని అడగడానికి మొహమాటమేస్తుంది.)

మావయ్య: ఎలాగూ ఒప్పుకునేలా లేవు గానీ, ఈ ఆకుపచ్చ రంగు తియ్యాలి కదా. ఇలా ఇయ్యి, బ్లో ల్యాంపు పెట్టి కాల్చి గీకితే గంటలో పోతుంది.

మేనకోడలు: వద్దు. కాల్చద్దు. పొడిగా గరుకు కాయితం పెట్టి రుద్దనూ వద్దు. పాత రంగుల్లో సీసం ఉంటుంది. ఇళ్ళకి వేసే రంగుల్లో సీసం పది లక్షల పాళ్ళలో 90 మించకూడదని మన దేశంలో నియమం చేసింది 2016లో, అమల్లోకొచ్చింది 2017 నవంబరులో. ఈ కిటికీకి రంగేసింది అంతకు ఎంత ముందో. కాలిస్తే పొగలో వస్తుంది, రుద్దితే దుమ్ములో వస్తుంది. నువ్వు పీల్చింది చాలక చొక్కా మీద ఇంటికి మోసుకెళ్తావు. నీ మనవడు నేల మీద పాకి ఆ వేళ్ళే నోట్లో పెట్టుకుంటాడు. పెద్దవాళ్ళకంటే పసిపిల్లల బుర్రకి దాంతో ముప్పు ఎక్కువ.

మావయ్య: నలభై ఏళ్ళు కాల్చానే నేను.

మేనకోడలు: తెలుసు. అందుకే చెప్తున్నా.

మావయ్య: మరెలా తియ్యాలంటావు?

మేనకోడలు: నీళ్ళు చల్లి తడుపుకుంటూ, తడి మీదే బ్లేడుతో గీకాలి. ముక్కుకి తువ్వాలు చాలదు, సన్న దుమ్మును ఆపే మాస్కు కావాలి. రాలిన పెచ్చుల్ని తడిగానే కవర్లో మూట కట్టెయ్యాలి. తర్వాత నేలంతా తడిగుడ్డ. చీపురు ముట్టకూడదు. పెచ్చులూడుతున్న రంగుని అక్కడక్కడా అలాగే ఉంచి, పాత అందమని ఎక్కువ ధరకి అమ్మేవాళ్ళున్నారు. మెడలో వేసుకునే గొలుసు ఆ పెచ్చుల మీద వేలాడుతుంది. నేనలా ఉంచను.

(ఇక్కడ మావయ్య కొంచెంసేపు మాట్లాడలేదు. బ్లో ల్యాంపుని మాత్రం బల్ల కిందికి నెట్టాడు.)

మావయ్య: అది నీ చదువు. ఇప్పుడు నా చదువు విను. రంపం పెట్టేముందు మేకులు చూడాలి. తల విరిగి లోపల ఉండిపోయిన మేకు కంటికి కనపడదు. అయస్కాంతానికి దారం కట్టి కర్ర మీద మెల్లగా నడిపించు, ఊగిన చోటల్లా సుద్దతో గుర్తు పెట్టు. చేతి రంపానికి తగిలితే పళ్ళు పోతాయి. మిషను రంపానికి తగిలితే ముక్క ఎగిరి మొహాన పడుతుంది. టేకు ఊరికే కూడా పనిముట్టుని మొండి చేస్తుంది, ఇసుకలాంటి గుణమేదో దాంట్లో ఉంది. మామిడి చెక్క పనిలో పొద్దుట సాన పెట్టిన ఉలి సాయంత్రం దాకా వస్తుంది. టేకు దగ్గర మధ్యాహ్నానికే మళ్ళీ రాయి దగ్గరికెళ్ళాలి.

మేనకోడలు: మేకు చుట్టూ ఈ నల్లమచ్చ పోతుందా?

మావయ్య: పోదు. చెమ్మకి ఇనుము తుప్పు పట్టి కర్రలోకి దిగింది. చిత్రిక పట్టేకొద్దీ కిందే ఉంటుంది.

మేనకోడలు: ఉండనీ. అది ఉంటేనే బాగుంటుంది.

మావయ్య: అది ఉంటేనే కొనేవాడు పాతదని నమ్ముతాడు, అలా చెప్పు! కొత్త కర్రని ఇనుప గొలుసుతో బాది, ఏదో మందు పూసి నలుపు తెప్పించి, ఉత్తుత్తి మేకు కన్నాలు పొడిచి పాతదని అమ్మేవాళ్ళు లేరా? రేపు నీ సరుకూ వాళ్ళ సరుకూ ఒకే బల్ల మీద ఉంటాయి. తేడా ఎవడికి తెలుస్తుంది?

మేనకోడలు: వెనక్కి తిప్పి చూసినవాళ్ళకి తెలుస్తుంది. దొంగ కన్నాలు ముందువైపే ఉంటాయి, నలుపు పైపైనే ఉంటుంది. పైగా అవి అందంగా దూరం దూరంగా ఉంటాయి. నిజం మేకు అందం కోసం కొట్టరు కదా, పని ఉన్నచోట కొడతారు. బందు బిగించిన దగ్గర నాలుగు ఒక్కచోటే ఉంటాయి.

మావయ్య: అది నిజమే. ఎంతకమ్ముతావు ఇంతకీ?

మేనకోడలు: నీ మూడు రోజుల కూలికి.

మావయ్య: మూడు రోజులా? నేనైతే పూటలో చేసి పడేస్తా.

మేనకోడలు: తగిలించే కొయ్యలు చెయ్యడం పూట పనే. తడిపి రంగు గీకడం, మేకులు పీకడం, ఆరబెట్టడం, ఇవన్నీ ఎవరి లెక్కలో వెయ్యను? పాత కర్ర చవకని అందరూ అనుకుంటారు. కర్ర చవకే. దాన్ని కర్ర చేసుకోవడమే ఖరీదు.

మావయ్య: అంత కష్టపడి చేత్తో చేసినదని చీటీ కడతావు. కన్నాలు మాత్రం కరెంటు డ్రిల్లుతో వేస్తావు.

మేనకోడలు: ఏటికొప్పాకలో లక్కబొమ్మ మోటారు మీద తిరిగినా చేతిపనే కదా?

మావయ్య: తిప్పేది మోటారే. లక్క ఎంత కరగాలో, ఎక్కడ ఆపాలో చూసుకునేది చెయ్యి. సరే, ఏటికొప్పాక మాట నువ్వే ఎత్తావు కాబట్టి చెప్తున్నా. వాళ్ళకి అంకుడు కర్ర కావాలి. కొండపల్లి వాళ్ళకి తెల్ల పొణికి కావాలి. పొణికి దూదిలా తేలిక, ఉలి పెడితే వెన్నలా తెగుతుంది, కాబట్టే ఆ ఏనుగు అంబారీ, ఆ దశావతారాలు వచ్చాయి. నీ టేకు ఇచ్చి చెయ్యమను, అంబారీకి బదులు దిమ్మ చేస్తారు. ముందు కర్ర, తర్వాత బొమ్మ. నువ్వేమో హైదరాబాదులో కాయితం మీద స్టాండు గీసుకుని, దానికి సరిపడా కర్ర కోసం ఊళ్ళు తిరుగుతున్నావు. ఏదీ, ఆ గీసింది చూపించు.

(చూపించింది. కొమ్మలు చాచిన చెట్టు ఆకారం. కొమ్మకో గొలుసు.)

మావయ్య: చెట్టుని కొట్టి దుంగ చేశారు. దుంగని కోసి కిటికీ చేశారు. కిటికీని కోసి నువ్వు మళ్ళీ చెట్టు బొమ్మ చేస్తావా?

(నాకు నవ్వాగలేదు. ఈ సంవాదం మొత్తంలో నేను పూర్తిగా మావయ్య వైపు ఒరిగింది ఇక్కడే. కర్ర ముందు, బొమ్మ తర్వాత అన్న మాట డిజైను కాలేజీల గోడల మీద రాయించాలి. అయితే అదే మాట పట్టుకుని మేనకోడలు ఆయన్ని బోల్తా కొట్టించింది.)

మేనకోడలు: సరే, కాయితం చింపేశా. కర్ర ముందన్నావుగా, కర్రనే అడుగుదాం. ఈ చట్రం పై చెక్క తిప్పు. ఈ రంధ్రాలు చూడు.

మావయ్య: ఊచలవి. నాలుగంగుళాలకొకటి. ఎవడో మా పెద్దల్లాంటివాడే బరమా పెట్టి తొలిచుంటాడు. ఎంత తిన్నగా ఉన్నాయో చూడు.

మేనకోడలు: దీన్ని నిలువునా కోస్తే పూజగది తలుపుకి పలక వస్తుందా?

మావయ్య: రాదు, జల్లెడ వస్తుంది.

మేనకోడలు: ఇంకో కిటికీకి పై చెక్కగా?

మావయ్య: ఊచల కిటికీ ఎవడూ పెట్టించడని ఇందాకేగా అన్నాను.

మేనకోడలు: అయితే ఇది నాది. తొలవక్కర్లేదు, కొలవక్కర్లేదు. కన్నానికో కొయ్య దించితే చాలు.

మావయ్య: కొయ్యడమెందుకు మరి? పొడుగు పొడుగంతా ఉంచు. అద్దం పక్కన గోడకి అడ్డంగా బిగించు. స్టాండంటావేంటి, ఇది చిలక్కొయ్యల బద్ద. పాతిళ్ళల్లో ఉత్తరీయం తగిలించుకోవడానికి ఉండేవి చూడలేదూ?

మేనకోడలు: చిలక తలలా పైకి వంగి ఉండేవి కదా. అలాగే కావాలి. ఈ కన్నాలు తిన్నగా ఉన్నాయి, ఉత్త పుల్ల దించితే గొలుసు జారిపోతుంది. కొస పైకి తిరిగి ఉంటే జారదు.

మావయ్య: చిలక ముక్కు చెక్కడానికి నువ్వు నేర్చుకోవాలి. కొయ్యల్ని ముందు బాగా ఎండనియ్యి, చెక్క కంటే కొయ్య పొడిగా ఉండాలి. తర్వాత చెమ్మ తగిలి ఉబ్బి దానికదే బిగుస్తుంది. ఇక్కడే దించకు. ఇది గోదావరి గాలి. చెక్కని హైదరాబాదు తీసుకెళ్ళి, అక్కడి పొడిగాలికి కొన్నాళ్ళు అలవాటు పడ్డాక దించు. లేకపోతే వేసవికి కొయ్యలన్నీ వదులై నీ నల్లపూసలు మళ్ళీ మంచం కిందే. జిగురు పెట్టాలనుకుంటే ముందు కన్నం లోపల స్పిరిటు గుడ్డతో తుడువు. టేకు నూనె మీద ఫెవికాల్ సరిగా పట్టదు.

మేనకోడలు: చివర గాజులకో అడ్డకొయ్య కూడా కావాలి. నా చేతికి 2.4.

మావయ్య: రెండు పాయింటు నాలుగా? అంటే ఎంతే, రెండంగుళాల మీద పదింట నాలుగా?

మేనకోడలు: పదింట కాదు, పదహారింట నాలుగు. 2.4 అంటే రెండుంబావు అంగుళాలు. 2.6 అంటే పదహారింట ఆరు. 2.8 అంటే రెండున్నర.

మావయ్య: ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా! గాజుల కొట్టువాడూ మా టేపుతోనే కొలుస్తున్నాడన్నమాట. అయితే కొయ్య ఒకటిన్నర అంగుళం దాటకపోతే ఎవరి గాజులైనా దిగుతాయి. మీ అమ్మ ముత్యాల దండకి కూడా ఓ కొయ్య వదులు.

మేనకోడలు: ముత్యాలు వద్దు. వేలాడి వేలాడి దారం సాగుతుంది, పడుకోబెట్టాలి వాటిని. పైగా కర్ర నుంచి సన్నగా పులుపు ఆవిరి వస్తూనే ఉంటుంది. ముత్యం సున్నం జాతిది, పులుపుకి ఓర్చుకోదు. ఓక్ చెక్క బీరువాల్లో గవ్వలూ ముత్యపు చిప్పలూ పెట్టడానికి మ్యూజియం వాళ్ళు జంకేది అందుకే. గాలాడే చోట పెద్ద బాధ లేదు, మూసిన చెక్కపెట్టెలోనే ఎక్కువ.

మావయ్య: అంటే నా భోషాణమే ముత్యాలకి చెరుపంటావా?

మేనకోడలు: నేననలేదు. నువ్వే అన్నావు. వెండి పట్టీలైతే దీనికి తిరగబడ్డ కథ. గాల్లో వేలాడితే తొందరగా నల్లబడతాయి. వాటికి నూలు గుడ్డ సంచీ, ఆపైన మూత. ఉన్ని గుడ్డ చుడితే ఇంకా పాడు, దాంట్లో గంధకం ఉంటుంది.

మావయ్య: మొత్తానికి నలభై నగల్లో సగానికి బద్ద పనికిరాదు. పైన ఏం పూస్తావు? వార్నీషు కొట్టు, తళతళలాడుతుంది.

మేనకోడలు: తళతళ వద్దు. అవిసె నూనె గుడ్డతో పట్టించి తుడిచేస్తే చాలు.

మావయ్య: ఆ గుడ్డ ఏం చేస్తావు?

మేనకోడలు: మూలన పడేస్తా.

మావయ్య: చచ్చామే! అవిసె నూనె గుడ్డ ముద్దగా పడేస్తే లోపలే వేడెక్కి దానంతటదే అంటుకుంటుంది. ఒక్కో గుడ్డా విప్పి బయట దండెం మీద ఆరెయ్యి, లేదా నీళ్ళ బాల్చీలో వెయ్యి. నా బ్లో ల్యాంపుకి ఉపన్యాసమిచ్చావు, నువ్వు ల్యాంపు లేకుండానే షెడ్డు తగలేసేలా ఉన్నావు.

(చెరో తప్పు బయటపడ్డాక ఇద్దరి గొంతులూ కాస్త తగ్గాయి. బేరం మాత్రం తెగలేదు.)

మేనకోడలు: అయితే పై చెక్క నాది. కింది చెక్క కూడా ఇచ్చెయ్యి. దానికీ అన్నే కన్నాలున్నాయి.

మావయ్య: ఉన్నాయి గానీ వేలు పెట్టి చూడు. ఊచని పై కన్నంలోకి ఎత్తి, తర్వాత కిందికి దింపి కూర్చోబెడతారు. అందుకని పైన లోతు, కింద అరంగుళమే. రంపంతో ఆ పొర ఒక్కటి తీసేస్తే మిగతా రెండున్నర అంగుళాలూ కన్నం లేని చేవ. అది పూజగదికి.

మేనకోడలు: పాత కర్ర పూజగదికి వద్దనేవాళ్ళొస్తే?

మావయ్య: కారైక్కుడి నుంచి తెప్పించానని చెప్తా.